మా ఆటలో కథానాయికను ఎట్లా చూపాలి?

ప్రశ్న
అడిగినవారు: చివరి సంవత్సరం విద్యార్థిని, హనుమకొండ

అందరికీ నమస్కారం. కాలేజీలో చివరి సంవత్సరం ప్రాజెక్టుగా మా బృందం ఒక వీడియో గేమ్ తయారు చేస్తున్నది. కథాకాలం పదమూడో శతాబ్దం, దేవగిరి యాదవరాజు మహాదేవుడు ఓరుగల్లు మీదికి దండెత్తి వచ్చిన రోజులు. కోట లోపలి నుంచి బయట ఉన్న నాయకుల దగ్గరికి రుద్రమదేవి ఆజ్ఞలను రహస్యంగా చేరవేసే ఒక యువతి మా కథానాయిక. ఆమె కల్పిత పాత్ర. చెరువు తూమును కాచే కుటుంబంలో పుట్టింది, ఈత బాగా వచ్చు, పెళ్లయిన కొద్దికాలానికే భర్త యుద్ధంలో పోయాడు. కందకం ఈదడం, మట్టికోట ఎక్కడం, చీకట్లో శత్రువుల గుడారాల మధ్య నుంచి చప్పుడు కాకుండా దాటిపోవడం ఆటలో చేయవలసిన పనులు. కథ సగం దాటిన తరువాత ఆమెకూ గజశాలలో పనిచేసే ఒక మావటికీ మధ్య ప్రేమ మొదలవుతుంది.

వివాదం ఆమె రూపం దగ్గర వచ్చింది. బొమ్మల పని చూసే మిత్రుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ఒక యోధురాలి మోడల్ తెచ్చాడు. నడుము పిడికెడంత ఉన్నది, కాళ్లకు ఎత్తు మడమల చెప్పులున్నాయి, లోహపు కవచం రొమ్ముల వరకే ఉండి పొట్ట పూర్తిగా బయటికి కనిపిస్తున్నది. ఆట మొదలయ్యే దృశ్యంలో కెమెరా ఆమె పాదాల దగ్గర బయలుదేరి, తొడల మీదుగా నెమ్మదిగా పైకి పాకి, అన్నిటికన్న చివర ముఖాన్ని చూపిస్తుంది. ఇట్లా ఎందుకని అడిగితే, ఆడేవాళ్లలో ఎక్కువమంది అబ్బాయిలేనని, బొమ్మ దగ్గర కన్ను ఆగకపోతే ఎవరూ డౌన్‌లోడ్ చేయరని అన్నాడు. విషయం మాకు మార్గదర్శకులుగా ఉన్న సార్ దగ్గరికి వెళ్లింది. ఆయన మోడల్ మార్చమన్నారు, అంతవరకు నాకు సంతోషమే. అయితే దానితోపాటు ప్రేమకథను కూడా పూర్తిగా తీసేయమన్నారు. భర్త పోయిన స్త్రీ మళ్లీ ఒకరిని కోరుకున్నట్టు చూపితే చూసేవాళ్లు హర్షించరని, మెడ నుంచి మడమ దాకా బట్ట కప్పి వీరనారిగా మాత్రమే చూపితే ఏ గొడవా ఉండదని ఆయన అభిప్రాయం.

నాకు రెండు మార్గాలూ నచ్చలేదు. మిత్రుడు తెచ్చిన మోడల్‌లో ఆమెకు ఒళ్లు తప్ప ఇంకేమీ లేదు, సార్ చెప్పిన పద్ధతిలో ఆమెకు ఒళ్లే లేదు. ఇరవై ఆరేళ్ల ఆరోగ్యవంతురాలైన స్త్రీకి ధైర్యం ఉన్నట్టే కోరిక కూడా ఉంటుంది కదా. ఆ కోరికను చూపిస్తూనే ఆమెను ఇతరుల కళ్లకు విందుగా మార్చకుండా ఉండటం ఎట్లా? ఆటల తయారీలో ఉన్నవారు, ఆడేవారు, కాకతీయుల చరిత్ర తెలిసినవారు తమ అభిప్రాయం చెబితే మా బృందం ముందు పెట్టి మాట్లాడతాను.

జవాబు 1
కరీంనగర్ యానిమేటర్

చెల్లెమ్మా, నేను హైదరాబాద్‌లో ఒక స్టూడియోలో పాత్రలకు కదలికలు ఇచ్చే పని చేస్తాను. మీ ప్రశ్నలో జవాబు సగం ఉన్నది. ఆమె చేసే పనులను మీరే వరుసగా రాశారు. ఆ పనుల నుంచే ఒళ్లు రావాలి. కందకం ఈదేదానికి భుజాలు వెడల్పుగా ఉంటాయి, గోడ ఎక్కేదానికి ముంజేతులు గట్టిగా ఉంటాయి, అరికాళ్లు చదునుగా, వేళ్లు విడివిడిగా ఉంటాయి. బట్టల సంగతి కూడా అంతే. మన పల్లెల్లో నాట్లు వేసే, కోతలు కోసే పెద్దవాళ్లు గోసి పోసి కట్టుకున్న చీరను గుర్తు చేసుకోండి. మోకాళ్ల దాకా కాళ్లు బయట ఉంటాయి, అయినా ఆ కట్టులో చూపు కోసం కట్టింది ఏదీ ఉండదు, నీళ్లలో దిగడానికి, పరుగెత్తడానికి అడ్డు రాకుండా కట్టింది మాత్రమే ఉంటుంది. కాబట్టి ఎంత బట్ట కప్పాలన్న కొలత దగ్గర మీరు, మీ సార్ వాదించుకోవలసిన అవసరం లేదు. రొమ్ముల ఆకారంలో పోత పోసిన ఆ లోహపు కవచాన్ని మాత్రం తప్పకుండా తీసేయండి. నిజమైన యుద్ధంలో అది తగిలిన కత్తిని పక్కకు జారనివ్వదు, రెండు గుబ్బల నడుమ ఉన్న ఛాతీ ఎముక మీదికే తెస్తుంది.

ఉచిత మోడల్‌తో వచ్చే చిక్కు బొమ్మతో ఆగదు. దానితోపాటు నిలబడే తీరు, నడిచే తీరు కూడా వస్తాయి. ఆటగాడు ఏ మీటా నొక్కకుండా ఊరుకున్నప్పుడు పాత్ర చేసే కదలికను ఒకసారి గమనించండి. అటువంటి చాలా మోడళ్లలో ఆడపాత్ర ఒక తుంటి పక్కకు వాల్చి వయ్యారంగా ఊగుతూ ఉంటుంది, మగపాత్ర చుట్టూ చూస్తూ కాపలా కాస్తూ ఉంటుంది. రొమ్ములకు విడిగా ఎముకలు (బొమ్మను కదిలించడానికి లోపల పెట్టే కీళ్లు) పెట్టి, అవి ప్రతి అడుగుకూ ఎగిరేటట్టు లెక్కలు కట్టే పద్ధతి కూడా పాతదే. 1996లో వచ్చిన డెడ్ ఆర్ అలైవ్ ఆ ఊపునే తన ప్రత్యేకతగా ప్రచారం చేసుకున్నది. మీరు బ్లెండర్ అనే త్రీడీ బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో మోడల్‌ను సరిదిద్దినా ఈ కదలికలను అట్లాగే ఉంచితే పాత మనిషే మళ్లీ లేచి నిలబడుతుంది.

ఇక కెమెరా. సినిమాలో కెమెరా ఎక్కడ ఉండాలో దర్శకుడు నిర్ణయిస్తాడు, ప్రేక్షకుడు చూస్తాడు. ఆటలో ఆ కెమెరా వెనుక నిలబడి పాత్రను నడిపించేది ఆటగాడే కాబట్టి ఆ చూపు అతనికి తన సొంత చూపుగా అలవాటవుతుంది. పాదాల నుంచి పైకి పాకే ఆ దృశ్యంలో ఆమె ఎవరో తెలియకముందే ఆమె తొడలు తెలుస్తాయి. మీ మిత్రునితో ఒక పని చేయించండి. మావటి పాత్రను కూడా అదే కెమెరా దారిలో, అంతే నెమ్మదిగా చూపించమనండి. అది ఎబ్బెట్టుగా ఉన్నదని ఆయనకే అనిపిస్తే ఇంక వాదనతో పని ఉండదు.

కొంత పాత సంగతి కూడా చెప్పాలి. 1981 నాటి డాంకీ కాంగ్‌లో కోతి ఎత్తుకుపోయిన యువతిని విడిపించడమే ఆట, 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌లో బందీ అయిన రాకుమారిని చేరుకోవడమే ఆట. 1986లో మెట్రాయిడ్ వచ్చింది. కవచంలో ఉన్న వీరుడు నిజానికి సామస్ అనే స్త్రీ అని ఆట చివర బయటపడుతుంది. ఆ రోజుల్లో అది చాలా పెద్ద మాట. అయితే ఎంత తొందరగా ఆట పూర్తి చేస్తే ఆమె అంత తక్కువ బట్టలతో కనిపించేటట్టు పెట్టారు. అంతసేపు తానే అయి ఆడిన వీరురాలిని చివరి నిమిషంలో ఆటగాడికి బహుమానంగా ఇచ్చేశారన్నమాట. 1996లో టూంబ్ రైడర్‌తో లారా క్రాఫ్ట్ వచ్చింది, తెలివి, తెగువ అన్నీ ఉన్న కథానాయిక. ప్రచారం మాత్రం ఆమె ఒంటి కొలతల చుట్టూ తిరిగింది, ఆమెను సృష్టించిన టోబీ గార్డ్ పాత్ర మీద తనకు పట్టు లేకుండా పోయిందన్న అసంతృప్తితో సంస్థను విడిచి వెళ్లాడు. 2013లో లారాను కొత్తగా మలిచినప్పుడు ఒళ్లు మామూలు మనిషి ఒళ్లయింది, పొట్టి లాగు పోయి ప్యాంటు వచ్చింది. కానీ ఆ ఆట విడుదలకు ముందు, ఆమెను చూస్తే ఆటగాడికి కాపాడాలనిపిస్తుందని దాని నిర్మాణ బాధ్యుడు చెప్పిన మాట మీద పెద్ద దుమారం రేగింది. బట్టలు మారినంత తొందరగా ఆలోచన మారలేదని ఆ సంఘటన చెబుతుంది.

డౌన్‌లోడ్ల వాదనకు జవాబుగా రెండు ఉదాహరణలు చాలు. 2017లో వచ్చిన హొరైజన్ జీరో డాన్ కథానాయిక అలోయ్ తోలు, బొచ్చు, నార బట్టలతో ఒళ్లంతా కప్పుకొని వేటాడే మనిషి. ఆ ఆట కోటికి పైగా ప్రతులు అమ్ముడుపోయింది. 2013లో ది లాస్ట్ ఆఫ్ అస్ పెట్టె మీద బాలిక ఎల్లీని వెనక్కి జరపమన్న సూచనను తయారీదారులు ఒప్పుకోలేదు. ఆమె ముందే నిలబడింది, ఆట ఎంత పేరు తెచ్చుకున్నదో మీకు తెలుసు. అమ్మకాల పేరు చెప్పి చేసే ఈ వాదనలో చాలాసార్లు ఉండేది అలవాటే.

జవాబు 2
నిజామాబాద్ నుంచి, పదిహేనేళ్లుగా ఆటలు ఆడుతున్నవాడు

అందరూ ఒకవైపే మాట్లాడకుండా, మోడల్ తెచ్చిన మిత్రుని పక్షాన కూడా ఎవరైనా మాట్లాడాలని రాస్తున్నాను. మొదటి మాట, ఆటల్లో మగవాళ్ల శరీరాలు కూడా నిజమైనవి కావు. 2005 నాటి గాడ్ ఆఫ్ వార్‌లో క్రేటోస్ చొక్కా లేకుండా ఆట మొత్తం తిరుగుతాడు, అటువంటి కండలు మనలో ఎవరికున్నాయి? ఊహాలోకంలో అందరూ అతిగానే ఉంటారు. రెండో మాట, ఒంటిని చూపించడమే అవమానం అనుకుంటే 2009 నాటి బయోనెటా సంగతి ఏమిటి? ఆ మంత్రగత్తె తొడిగిన దుస్తులు ఆమె వెంట్రుకలతో అల్లినవి, పెద్ద దాడి చేసినప్పుడు ఆ వెంట్రుకలే ఆయుధాలై ఒళ్లు బయటపడుతుంది. ఆమె ప్రతి క్షణం తన అందాన్ని తానే ఏలుతుంది, ఎవరికీ భయపడదు, ఎవరూ ఆమెను కాపాడనక్కరలేదు. ఆ రూపాన్ని గీసింది మారి షిమజాకి అనే మహిళ. ఆమెను ఇష్టపడే స్త్రీలు కూడా ఎంతోమంది ఉన్నారు.

నాకు అసలు భయం వేరే ఉన్నది. మన దగ్గర స్త్రీ చిత్రణ గురించి చర్చ మొదలైతే అది తొందరగా బట్టల కొలత మీదికి, అక్కడి నుంచి నిషేధం మీదికి పోతుంది. 2012లో స్మైట్ అనే ఆటలో కాళికాదేవిని అసభ్యంగా చూపారని అమెరికాలోని హిందూ సంఘం నాయకుడు ఒకరు అభ్యంతరం చెప్పారు. భక్తుల బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఈ రోజు దేవత, రేపు రాణి, ఎల్లుండి మామూలు స్త్రీ అంటూ పోతే చివరకు ఎవరినీ ఏ రకంగానూ చూపలేని స్థితి వస్తుంది. ఈ విద్యార్థిని సార్ చెప్పింది అదే కదా, ప్రేమే వద్దన్నారు. పెద్దవాళ్ల కోసం చేసే ఆటలో శృంగారం తప్పు కాదు. 2000లో వచ్చిన ది సిమ్స్‌లో ఆడా మగా తేడా లేకుండా ఎవరు ఎవరినైనా ప్రేమించవచ్చు. 2023 నాటి బాల్డర్స్ గేట్ 3లో శృంగారం దాపరికం లేకుండా ఉంటుంది, ఎదుటి పాత్ర కాదనడం కూడా ఉంటుంది. అటువంటి ధైర్యం మనవాళ్లకు కూడా రావాలని కోరుకునేవాడిని నేను. ఎవరో ఏదో అనుకుంటారన్న భయంతో కథను కత్తిరించుకోవద్దు.

జవాబు 3
మంచిర్యాల నుంచి, డిగ్రీ విద్యార్థిని

నిజామాబాద్ అన్న చెప్పిన రెండో సగంతో నేను ఏకీభవిస్తాను, మొదటి సగంతో కాదు. క్రేటోస్‌ను చూసిన అబ్బాయి తాను అట్లా అయితే ఎంత బాగుంటుందో అనుకుంటాడు. ఆ కండలు ఆడేవాడి కోరికను తీర్చడానికి ఉన్నాయి. సగం కవచం వేసుకున్న ఆడపాత్ర ఒళ్లు కూడా అదే ఆడేవాడి కోరికను తీర్చడానికే ఉన్నది. రెండు శరీరాలూ అతిగానే ఉన్నాయి, నిజమే. రెండూ ఒకరి కోసమే ఉన్నాయన్నదే నా బాధ. గంటల తరబడి ఒక వీపును చూస్తూ ఆడాలంటే ఆడమనిషి వీపే చూస్తామని ఆడపాత్రను ఎంచుకునే అబ్బాయిలు నాకు చాలామంది తెలుసు. ఆ మాట అంటున్నప్పుడు పక్కన ఒక ఆడపిల్ల కూడా అదే ఆట ఆడుతున్నదన్న స్పృహ వాళ్లకు ఉండదు.

నేను ఫోన్‌లో జట్లుగా ఆడే కాల్పుల ఆట బీజీఎమ్‌ఐ ఆడతాను. తెలియనివాళ్ల జట్టులో పడితే మైక్ తెరవను, ఎందుకంటే గొంతు వినిపించిన మరుక్షణం ఆట గురించి కాకుండా నా గురించి మాటలు మొదలవుతాయి. మగపాత్రనే తీసుకుంటాను, పేరు కూడా ఆడపిల్ల పేరు పెట్టుకోను. అట్లా అని నాకు అందం వద్దని ఎవరూ అనుకోవద్దు. బతుకమ్మ నాడు పట్టుచీర కట్టి, కొప్పులో పూలు పెట్టుకొని మెరిసిపోవడం నాకు ఎంతో ఇష్టం, ఆటలో కూడా నా పాత్రకు మంచి ముస్తాబు చేసుకోవాలనిపిస్తుంది. కొనడానికి పెట్టిన దుస్తుల వరుస తెరిస్తే, మగపాత్రకు మెరిసే కవచాలు, ఆడపాత్రకు కురచ బట్టలు కనిపించినప్పుడు ఇది నా కోసం కుట్టిన అంగడి కాదని అర్థమవుతుంది.

మీ ఆట గురించి నాది ఒక ప్రశ్న. కథానాయికను పక్కన పెడితే అందులో ఇంకెంతమంది ఆడవాళ్లున్నారు? ఒక్కతే ఉంటే ఆడజాతి బరువంతా ఆమె మీదే పడుతుంది. కొంచెం అందంగా ఉంటే ఒక వాదన, లేకపోతే ఇంకో వాదన. ముట్టడిలో ఉన్న కోటలో నీళ్లు మోసేవాళ్లు, గాయాలకు కట్లు కట్టేవాళ్లు, ధాన్యం లెక్క చూసేవాళ్లు, కోపం ఎక్కువున్న ముసలమ్మలు, భయంతో వణికే పిల్లలు ఉంటారు కదా. వాళ్లను పెట్టండి. శత్రువుల గుడారాల్లో మాత్రం నాట్యం చేసే వేశ్యలను అలంకారంగా కూర్చోబెట్టవద్దు. చాలా ఆటల్లో అటువంటి స్త్రీలు గోడకు తగిలించిన దీపాలవలె ఉంటారు. వాళ్లకు పేరు ఉండదు, పని ఉండదు, చంపినా ఎవరూ అడగరు. అనితా సర్కీసియన్ అనే విమర్శకురాలు 2013 నుంచి వరుసగా చేసిన వీడియోల్లో చెప్పిన ముఖ్యమైన మాటల్లో ఇది ఒకటి. ఆ మాటలు చెప్పినందుకు ఆమెను ఎంత వేధించారంటే, కాల్పులు జరుపుతామన్న బెదిరింపు రావడంతో 2014 అక్టోబరులో అమెరికాలోని యూటా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ప్రసంగాన్ని రద్దు చేసుకోవలసి వచ్చింది. 2020లో ది లాస్ట్ ఆఫ్ అస్ రెండో భాగంలో కండలు తిరిగిన చేతులతో అబ్బీ అనే స్త్రీ కనిపిస్తే ఆ చేతులను ఎగతాళి చేసినవాళ్లు ఉన్నారు, ఆ పాత్ర చేసిన పనికి కోపగించి దానికి గొంతు ఇచ్చిన నటి లారా బెయిలీకి చంపుతామని రాసినవాళ్లు ఉన్నారు. ఊహాలోకంలో ఏదైనా చెల్లుతుందని అనేవాళ్లకు బలమైన ఆడమనిషి మాత్రం ఎందుకు చెల్లదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

జవాబు 4
చరిత్ర అధ్యాపకుడు, విశ్రాంత, వరంగల్

అమ్మా, మీ బృందం కాకతీయుల కాలాన్ని ఎన్నుకున్నందుకు సంతోషం. ఈ చర్చలో ఎవరో ఒకరు రామప్ప గుడిని ముందుకు తెస్తారని ఎదురుచూశాను. బయట ఈ విషయం మాట్లాడినప్పుడల్లా, మన గుళ్ల మీదే బట్టలు లేని బొమ్మలుండగా ఆటల్లో ఉంటే తప్పేమిటని అడుగుతుంటారు. అందుకని నేనే తెస్తున్నాను. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ గుడి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఎర్రని ఇసుకరాతి గుడికి చూరు కింద నల్లరాతితో చెక్కి నిలిపిన మదనికలను మీరందరూ చూసే ఉంటారు. వారి ఒంటి మీద వస్త్రం తక్కువ, నగలు ఎక్కువ. అది వాస్తవం, దాచుకోవలసిన అవసరం లేదు. అయితే వారి దగ్గర కొంతసేపు నిలబడి చూడండి. నాట్యం చేసే ఆమె తన నాట్యంలో ఉన్నది, పామును ధరించిన నాగిని తన గాంభీర్యంలో ఉన్నది, ఎత్తు పాదరక్షలు తొడిగిన ఆమె తన నడకలో ఉన్నది. మనం వచ్చామని వారిలో ఎవరూ భంగిమ మార్చుకోలేదు. అదే గుడి గోడల మీద మగవారి శరీరాలు, దంపతుల శృంగారం కూడా అంతే నిస్సంకోచంగా ఉన్నాయి. చూపును శిల్పి ఎక్కడికీ ఈడ్చుకుపోలేదు, చూసేవాడు తన కాళ్ల మీద తాను నడిచి చూస్తాడు. మీ మిత్రుని కెమెరాకూ ఆ శిల్పానికీ ఉన్న తేడా అక్కడ ఉన్నదని నా అభిప్రాయం.

ఒక జాగ్రత్త చెప్పాలి. మదనికల అలంకారాన్ని ఆనాటి ఆడవాళ్ల రోజువారీ దుస్తులకు సాక్ష్యంగా తీసుకోవద్దు. శిల్పానికి దాని సంప్రదాయం దానికి ఉంటుంది. తూము కాచే కుటుంబపు స్త్రీ ఎట్లా కట్టుకునేదో చెప్పే బొమ్మను గుడి మీద వెదకడం కంటే, కరీంనగర్ తమ్ముడు చెప్పినట్టు పని నుంచి ఊహించడమే మేలు.

కదలికలకు మాత్రం ఆ కాలం నుంచి మీకు గొప్ప ఆధారం ఉన్నది. గణపతిదేవుని గజసేనాధిపతి జాయప సేనాని నృత్తరత్నావళిని రచించాడు. ఆ గ్రంథం ఆధారంగా, రామప్ప శిల్పాల ఆధారంగా నటరాజ రామకృష్ణ గారు పేరిణి నాట్యాన్ని ఇరవయ్యో శతాబ్దంలో పునరుద్ధరించారు. యుద్ధానికి పోయే వీరుల నాట్యంగా చెప్పుకునే పేరిణిలో పాదం నేలను పట్టే తీరు, మోకాళ్ల వంపు, బిగించిన నడుము చూడండి. ఇప్పుడు దానిని ఎంతోమంది అమ్మాయిలు నేర్చుకుంటున్నారు. మీ ఊరిలోనే ఒక నర్తకిని పిలిచి, ఆమె ఊరక నిలబడ్డప్పుడు ఎట్లా నిలబడుతుందో చిత్రీకరించి, ఆ తుంటి వాల్చిన వయ్యారం స్థానంలో పెట్టుకోండి. మీ కథలో ప్రేమికుడు గజశాల మావటి కాబట్టి ఏనుగుల సేనాని రాసిన నాట్యగ్రంథం మీ ఆటకు రెండు విధాలా దగ్గరిది.

రుద్రమదేవి సంగతి వేరు. శాసనాల్లో ఆమెకు రుద్రదేవ మహారాజు అని మగపేరు ఉన్నది. సింహాసనం మీద స్త్రీని ఒప్పుకోలేని నాయకులు తిరగబడిన కాలంలో ఆమె పాలించింది. మార్కో పోలో తన యాత్రా కథనంలో ఈ దేశపు రాణి న్యాయాన్ని ఎంతో మెచ్చుకున్నాడు, అయితే ఆమెను చనిపోయిన రాజు భార్యగా రాశాడు. ఆమె గణపతిదేవుని కూతురు, వారసత్వంగా రాజ్యం పొందిన పాలకురాలు. పొగిడేవాడి కంటికి కూడా ఆమె ఒక మగవాని విధవగానే కనిపించింది. నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం 1289లో ఆమె మరణాన్ని చెబుతున్నది. పెద్ద వయసులో కూడా ఆమె యుద్ధరంగంలో ఉన్నదని చరిత్రకారులు దానిని బట్టి భావిస్తారు. మీ ఆటలో రాణి కనిపిస్తే దయచేసి ఆమెను పాతికేళ్ల సుందరిగా గీయవద్దు, అనుభవం ఉన్న ముఖాన్ని ఇవ్వండి.

ప్రేమకథ గురించి మీ సార్‌తో నేను విభేదిస్తాను. భర్త పోయిన స్త్రీ మళ్లీ తోడు వెదుక్కోవడం మన సమాజానికి కొత్తది కాదు. తెలంగాణ పల్లెల్లో కాయకష్టం చేసుకునే ఎన్నో కులాల్లో మారుమనువు ఆచారంగా ఉన్నది, పెద్దల సమక్షంలోనే జరిగేది. అది వింతగా కనిపించేది కొన్ని ఇళ్ల పద్ధతినే అందరి పద్ధతిగా అనుకున్నవారికి. తూము కాచే కుటుంబంలో పుట్టిన మీ కథానాయిక మావటిని కోరుకోవడానికి ఎవరి అనుమతీ అడగనక్కరలేదు.

జవాబు 5
అడిగిన విద్యార్థిని

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఈ జవాబులను మా బృందం ముందు చదివాను. మావటిని అదే కెమెరాతో చూపించిన తరువాత ఆ ఆరంభ దృశ్యాన్ని మిత్రుడు తానే తీసేశాడు. ఇప్పుడు ఆట ఆమె నీళ్లలో నుంచి తల పైకెత్తి ఊపిరి పీల్చుకోవడంతో మొదలవుతుంది. మోడల్‌ను మొదటి నుంచి మేమే చేయాలని నిర్ణయించుకున్నాము, పేరిణి నేర్చుకుంటున్న మా జూనియర్ ఒకామె కదలికలకు నిలబడటానికి ఒప్పుకున్నది. మంచిర్యాల మిత్రురాలి ప్రశ్నకు మా దగ్గర జవాబు లేకపోయింది, అందుకే ధాన్యం లెక్క చూసే ఒక వృద్ధురాలిని, మందులు నూరే ఒక తల్లీకూతుళ్లను కథలోకి తెచ్చాము. సార్ ప్రేమకథకు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. అధ్యాపకులు గారు చెప్పిన మారుమనువు సంగతి విన్నాక ఆలోచిస్తానన్నారు.

ఇప్పుడు చిక్కంతా ఆ ప్రేమ దృశ్యం దగ్గర ఉన్నది. గజశాల లెవెల్‌లో ఏనుగులను క్షేమంగా తరలించిన ఆటగాడికి మాత్రమే ముద్దు దృశ్యం కనిపించేటట్టు పెడదామని, అప్పుడు అందరూ కష్టపడి ఆడతారని మిత్రుడు అంటున్నాడు. వినడానికి సబబుగానే ఉన్నా నాకు ఏదో కుదరడం లేదు. అన్నా, మీరేమంటారు?

జవాబు 6
కరీంనగర్ యానిమేటర్

మీకు కుదరకపోవడం సరైనదే, చెల్లెమ్మా. మెట్రాయిడ్ చివర జరిగింది మళ్లీ అదే అవుతుంది. ఆటగాడు బాగా ఆడితే ఆమె ఒళ్లు అతనికి దక్కుతుంది. ఎన్నో ఆటల్లో కానుకలు ఇచ్చిన కొద్దీ ఒక గీత నిండుతుంది, గీత నిండగానే పడక దృశ్యం వస్తుంది. అటువంటి లెక్కలో ఆమె మనసుకు చోటు ఉండదు. ముద్దు కథలో భాగమైతే, లెవెల్ గెలిచినవారికీ కిందామీదా పడి గట్టెక్కినవారికీ అది ఒకే విధంగా రావాలి. ఎప్పుడు రావాలన్నది ఆమె స్థితిని బట్టి నిర్ణయించండి. కందకం దాటి, ప్రాణం దక్కించుకొని, తడిసిన బట్టలతో గజశాలకు చేరిన రాత్రి ఆమె తానే అతని చేయి పట్టుకోవచ్చు. ఆ దృశ్యంలో కెమెరాను ఆమె కళ్ల ఎత్తులో పెట్టి అతన్ని చూపించండి: గొలుసు రాచుకొని కాయలు కాచిన అతని చేతులు, ఏనుగుతో మాట్లాడేటప్పుడు అతని ముఖం. ఆమెకు అతనిలో ఏం నచ్చిందో ఆటగాడికి అప్పుడే తెలుస్తుంది, మొదటిసారి ఆటగాడి చూపు ఆమె చూపుతో కలుస్తుంది. నిజామాబాద్ సోదరుడు కోరిన శృంగారం ఇందులో ఉంటుంది, ఎవరినీ తగ్గించదు.

చివరగా ఒక ఆచరణ విషయం. గూగుల్ ప్లేలో పెట్టేటప్పుడు వయసు వర్గం కోసం ప్రశ్నావళి నింపాలి. అందులో హింస, శృంగారం, అసభ్య భాష గురించి అడుగుతారు. ముద్దు ఉన్నదని, కత్తిపోట్లు ఉన్నాయని ఉన్నది ఉన్నట్టు రాయండి, తప్పు వివరాలిస్తే ఆటను తొలగించే అధికారం వాళ్లకు ఉన్నది. 2005లో గ్రాండ్ థెఫ్ట్ ఆటో శాన్ ఆండ్రియాస్ ఫైళ్లలో మూసిపెట్టి వదిలేసిన ఒక పడక దృశ్యాన్ని ఆటగాళ్లు తవ్వి బయటపెట్టారు. అమెరికాలో ఆ ఆట పెద్దలకు మాత్రమే అన్న వర్గంలోకి మారింది, పెద్ద దుకాణాలు దానిని అరల నుంచి తీసేశాయి. కాబట్టి మీ మిత్రుని పాత మోడల్‌ను, ఆ ఆరంభ దృశ్యాన్ని ప్రాజెక్టు ఫోల్డర్‌లో ఊరికే మూసిపెట్టకుండా, విడుదల ప్రతి తయారు చేసేముందే పూర్తిగా చెరిపేయండి.